ఆహార గొలుసులో మెట్టు మెట్టుకూ 90 శాతం శక్తి ఎక్కడికి పోతుంది? పది శాతం నిజంగా నియమమేనా?

చిగురుటాకు (ప్రశ్న)

అందరికీ నమస్కారం.

ఆవరణ వ్యవస్థలలో శక్తి ప్రవాహం అన్న పాఠాన్ని పిల్లలకు చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ నేను ఒకే చోట తడబడుతున్నాను. మొక్కలలో వెయ్యి కిలో కేలరీల శక్తి ఉంటే వాటిని తిన్న మిడతలకు వంద, మిడతలను తిన్న కప్పలకు పది, కప్పలను తిన్న పాములకు ఒకటి మాత్రమే దక్కుతుందని, దీనినే లిండ్‌మన్ పది శాతం నియమం అంటారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లెక్క వేయడానికి ఇది సులువుగానే ఉంటుంది. కానీ శ్రద్ధగా వినే పిల్లవాడు ఎవడైనా లేచి, "పాము కప్పను తోలూ ఎముకలతో సహా మింగేస్తుంది కదా, అప్పుడు కప్పలోని శక్తి అంతా పాముకే రావాలి కదా" అని అడిగితే నా దగ్గర నిలబడే జవాబు లేదు.

నా సందేహాలు మూడు. మొదటిది, ఆ పోయిందంటున్న 90 శాతం సరిగ్గా ఎక్కడికి పోతుంది? రెండవది, ప్రకృతిలో ఇంత గుండ్రటి అంకె ఎలా వచ్చింది, దానిని ఎవరైనా కొలిచారా? మూడవది, సముద్రంలో కొన్ని చోట్ల తినే జీవుల బరువు తినబడే మొక్కల బరువు కంటే ఎక్కువగా ఉంటుందని, అక్కడ పిరమిడ్ తలకిందులవుతుందని అదే పుస్తకంలో రెండు పేజీల తరువాత ఉంటుంది. పదో వంతు నియమం నిజమైతే తక్కువ మేత ఎక్కువ జీవాలను ఎలా పోషిస్తుంది?

తూనీగ

మిగిలిన 90 శాతం శ్వాసక్రియలో ఖర్చయి, వేడి రూపంలో పరిసరాలలో కలిసిపోతుంది. శక్తి ఒక రూపం నుంచి మరొక రూపానికి మారేటప్పుడు కొంత భాగం పనికిరాని వేడిగా మారక తప్పదన్నది ఉష్ణగతిక శాస్త్రపు రెండవ నియమం. జీవులు కూడా దానికి అతీతం కాదు. పది అన్నది సగటు అంకె మాత్రమే.

జమాఖర్చు

తూనీగ గారు చెప్పినదానిలో తప్పు లేదు గాని అది సగం జవాబు. ఆ సగమే మన పాఠాలలో పూర్తి జవాబుగా చలామణి అవుతున్నందువల్లనే పాము, కప్ప ప్రశ్నకు సమాధానం దొరకడం లేదని నా అభిప్రాయం. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరని శక్తి అంతా అక్కడికక్కడే వేడిగా మారిపోదు. తినకుండా మిగిలిపోయి రాలిన ఆకు, తిన్నా అరగక విసర్జనలో పోయిన పీచు, ఎవరి నోటా పడకుండా చచ్చిన జీవి కళేబరం, వీటిలోని శక్తి రసాయన శక్తిగానే ఉండి విచ్ఛిన్నకారుల (కుళ్ళబెట్టే బాక్టీరియా, బూజు వంటి వాటి) చేతికి పోతుంది.

ఊహించుకున్న వెయ్యి కంటే, నిజంగా కొలిచిన ఒక చోటి లెక్క చూడటం మేలు. అమెరికాలోని ఫ్లోరిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అనే పెద్ద నీటి ఊట ఉంది. హోవర్డ్ ఓడమ్ అనే ఆవరణ శాస్త్రవేత్త ఆ ఊట తాలూకు శక్తి జమాఖర్చులను కొలిచి 1957లో ప్రచురించాడు. నీరు అద్దంలా తేటగా ఉండటం, ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు మారకపోవడం, నీరు ఊట నుంచి ఒకే దిక్కుగా పారడం వల్ల, లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ పట్టుకోవడానికి అంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం. కింది అంకెలన్నీ ఒక చదరపు మీటరు మేరకు, ఒక సంవత్సరానికి, కిలో కేలరీలలో ఉన్నాయి.

అక్కడ పడిన ఎండ సుమారు 17,00,000. అందులో మొక్కలు గ్రహించినది 4,10,000. కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారంగా మారినది 20,810 మాత్రమే. అంటే పడిన ఎండలో నూటికి ఒకటింబావు పాలు కూడా లేదు. మొత్తం గొలుసులో అన్నిటికంటే పెద్ద తరుగు ఈ తొలి మెట్టు దగ్గరే ఉంది, కానీ పది శాతం నియమం దీని ఊసే ఎత్తదు. ఆ 20,810లో 11,977ను మొక్కలు తమ శ్వాసక్రియకే ఖర్చు పెట్టుకోగా, ఆకులుగా, కాడలుగా, వాటిని అంటుకుని పెరిగే నాచుగా నిలిచినది 8,833. దీనినే నికర ఉత్పాదకత అంటారు, జంతువులకు అందుబాటులో ఉండేది ఇంతే. ఇందులో శాకాహారుల ఒంటబట్టినది 3,368. ఆ శాకాహారుల నుంచి మాంసాహారులకు చేరినది 383. వాటి నుంచి పై మెట్టు మాంసాహారులకు చేరినది 21.

మొక్కల స్థూల ఉత్పత్తి, అంటే శ్వాస ఖర్చు తీయక ముందున్న 20,810 నుంచి శాకాహారులకు సుమారు 16 శాతం, శాకాహారుల నుంచి మాంసాహారులకు 11 శాతం, ఆపై మెట్టుకు అయిదున్నర శాతం చేరినట్టు లెక్క. ఒక్క అంకె కూడా సరిగ్గా పది కాదు.

ఇప్పుడు శాకాహారుల మెట్టునే దగ్గరగా చూద్దాం. వాటి ఒంటబట్టిన 3,368లో శ్వాసకు, అంటే వేడికి, పోయినది 1,890. ఇది నూటికి 56 పాళ్లు. మిగిలిన 1,478 కండగా, గుడ్లుగా, పిల్లలుగా మారింది. అందులో మాంసాహారులకు చేరిన 383 పోగా 1,095 మిగులుతుంది. ఆ 1,095 వేడి కాలేదు, మాంసాహారుల ఒంటికీ చేరలేదు. కొంత తినబడకుండానే చచ్చి అడుగుకు దిగింది, కొంత తిన్నవారికి అరగలేదు, కొంత దిగువకు కొట్టుకుపోయింది.

పిల్లవాడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పాము మింగిన కప్పలోని శక్తిలో అధిక భాగం పాముకు నిజంగానే దక్కుతుంది, అతని తర్కంలో దోషం లేదు. కానీ కప్ప ఒంట్లో ఈ రోజు ఉన్నది వేరు, ఆ కప్ప పుట్టినప్పటి నుంచి తిన్నది వేరు. అది నెలల తరబడి తిన్న మిడతలలో అధిక భాగం గెంతడానికీ, ఊపిరికీ, గుండె కొట్టుకోవడానికీ ఖర్చయిపోయి, మిగిలిన కొద్దిపాటి నిల్వ మాత్రమే కప్ప శరీరంగా కనిపిస్తోంది. పైగా చెరువులోని కప్పలన్నిటినీ పాములే తినవు. పోలిక పెట్టవలసినది ఒక పాము, ఒక కప్ప మధ్య కాదు. ఆ చోటి కప్పలన్నీ కలిసి ఏడాదిలో సంపాదించిన శక్తికీ, పాములన్నీ కలిసి ఆ కప్పల నుంచి సంపాదించిన శక్తికీ మధ్య. ఈ తేడా చెప్పకుండా మిడత, కప్ప, పాము బొమ్మలు గీసి బాణాలు పెట్టడం వల్ల మేలు కంటే గందరగోళమే ఎక్కువగా జరుగుతోంది.

ఓడమ్ లెక్కలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది మరొకటి ఉంది. మొత్తం శ్వాస ఖర్చు 18,796. అందులో మొక్కలవి 11,977, శాకాహారులవి 1,890, మాంసాహారులవి 316, పై మెట్టు మాంసాహారులవి 13, విచ్ఛిన్నకారులవి 4,600. మిగిలిన సేంద్రియ పదార్థం 2,500 మేరకు ప్రవాహంతో దిగువకు కొట్టుకుపోయింది. నత్తలూ తాబేళ్లూ చేపలూ అన్నీ కలిపి నూటికి 12 పాళ్లు కూడా ఖర్చు పెట్టలేదు. ముఖ్యంగా కంటికి కనిపించని బాక్టీరియాతో కూడిన విచ్ఛిన్నకారులు దానికి రెట్టింపు ఖర్చు పెట్టాయి. పాఠంలోని బొమ్మలో మాత్రం చేపకు పెద్ద చోటు, విచ్ఛిన్నకారులకు ఒక మూల చిన్న గడి దక్కుతాయి.

పాతపేజీ

రెండవ సందేహానికి నేను ప్రయత్నిస్తాను.

రేమండ్ లిండ్‌మన్ అమెరికాలోని మిన్నెసోటాలో సీడార్ బాగ్ అనే చిన్న సరస్సును కొన్నేళ్లపాటు అధ్యయనం చేశాడు. జీవులను పోషక స్థాయిలుగా విడదీసి, ఒక స్థాయి నుంచి మరొక స్థాయికి చేరే శక్తిని కేలరీలలో లెక్కగట్టిన వ్యాసం 1942లో వెలువడింది. ఆ వ్యాసాన్ని మొదట సమీక్షకులు తిరస్కరించారు. సిద్ధాంతం ఎక్కువ, ఆధారాలు తక్కువ అన్నది వారి అభ్యంతరం. యేల్ విశ్వవిద్యాలయపు ఆవరణ శాస్త్రవేత్త జార్జ్ ఎవెలిన్ హచిన్సన్ గట్టిగా సమర్థించడంతో అది చివరికి అంగీకారం పొందింది. 1915లో పుట్టిన లిండ్‌మన్ మాత్రం అనారోగ్యంతో 1942 జూన్‌లోనే కన్నుమూశాడు, తన వ్యాసాన్ని అచ్చులో చూసుకోలేదు.

ఆ వ్యాసంలో పది శాతం నియమం అంటూ ఏదీ లేదు. సీడార్ బాగ్ సరస్సుకు ఆయన ఇచ్చిన అంకెలు ఇవి: ఎండలో మొక్కలు పట్టుకున్నది 0.10 శాతం, మొక్కల నుంచి శాకాహారులకు 13.3 శాతం, శాకాహారుల నుంచి మాంసాహారులకు 22.3 శాతం. అంటే పై మెట్టుకు పోయే కొద్దీ సామర్థ్యం పెరుగుతున్నట్టు ఆయనకు కనిపించింది. జమాఖర్చు గారు ఇచ్చిన ఊట లెక్కలో అదే సామర్థ్యం పైకి పోయే కొద్దీ తగ్గింది. రెండు చోట్ల రెండు దిక్కులకు పోయే అంకెను నియమం అనడం న్యాయం కాదు, పైగా దానికి లిండ్‌మన్ పేరు తగిలించడం మరీ అన్యాయం.

అయితే పది అన్నది గాలిలోంచి ఊడిపడిన అంకె కూడా కాదు. డేనియల్ పాలీ, విల్లీ క్రిస్టెన్సెన్ 1995లో 48 జలావరణ వ్యవస్థల నమూనాల నుంచి ఇలాంటి సామర్థ్యాలను సేకరించి సగటు తీస్తే 10.1 శాతం వచ్చింది. కానీ ఆ సగటు వెనుక ఉన్న విడివిడి అంకెలు సుమారు 2 శాతం నుంచి 24 శాతం వరకు పరుచుకుని ఉన్నాయి. సగటు మాత్రమే చెప్పి వ్యాప్తి చెప్పకపోతే, లోతు సగటున మోకాలి మట్టమే అని నమ్మి ఏట్లో దిగినట్టే ఉంటుంది.

ఆ వ్యాప్తి ఎందుకు వస్తుందో తెలియాలంటే ఆ ఒక్క అంకెను మూడు గడపలుగా విడదీయాలి. మొదటి గడప తినడం: కింది స్థాయి తయారుచేసిన దానిలో ఎంత భాగం పై స్థాయి నోటికి చేరింది? రెండవది జీర్ణం కావడం: నోటికి చేరినదానిలో ఎంత ఒంటబట్టింది? మూడవది పెరుగుదల: ఒంటబట్టినదానిలో శ్వాసకు పోగా ఎంత కొత్త కండగా, సంతానంగా నిలిచింది? మూడు భిన్నాలనూ గుణిస్తే వచ్చేదే మనం చెప్పుకునే సామర్థ్యం.

ఒక్కో గడప దగ్గర జీవులకు ఉన్న తేడా చిన్నది కాదు. అడవిలో మొక్కల నికర ఉత్పత్తిలో శాకాహారుల నోటికి చేరేది ఉజ్జాయింపుగా 5 శాతం, గడ్డిభూములలో 25 శాతం, నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలాంటి జీవులైన వృక్షప్లవకాల విషయంలో సగం వరకు ఉంటుంది. చెట్టు తన సంపాదనలో పెద్ద భాగాన్ని మానుగా, బెరడుగా దాచుకుంటుంది, దానిని నమలగలిగినవి చాలా తక్కువ. వృక్షప్లవకానికి మానూ లేదు, బెరడూ లేదు. రెండవ గడప దగ్గర మాంసాహారులది పైచేయి. మాంసం తిన్నవాటికి 80 శాతం వరకు ఒంటబడితే, పీచుతో నిండిన ఆకూ గడ్డీ తిన్నవాటికి 20 నుంచి 50 శాతం దాకానే ఒంటబడుతుంది.

మూడవ గడప దగ్గర కథ పూర్తిగా మారిపోతుంది. పక్షులు, క్షీరదాల వంటి స్థిరోష్ణ జీవులు ఒంటబట్టినదానిలో 1 నుంచి 3 శాతం మాత్రమే కొత్త శరీరంగా మార్చగలవు. ఒంటి వేడిని రాత్రింబవళ్లు ఒకే తీరున నిలబెట్టడానికే వాటి ఆహారంలో అధిక భాగం మండిపోతుంది. చేపలు 10 శాతం ప్రాంతంలో ఉంటాయి. అనేక కీటకాలలో ఈ అంకె 30, 40 శాతం వరకు కూడా ఉంటుంది.

ఇప్పుడు ఒకే గడ్డిభూమిలో రెండు గొలుసులను ఊహించండి. గడ్డిలో 25 శాతాన్ని కీటకాలే మేశాయనుకుంటే, అందులో 40 శాతం ఒంటబట్టి, దానిలో 40 శాతం కండగా మారితే, కీటకాలను తినేవారి కోసం సిద్ధమైనది మొదటి గడ్డిలో 4 శాతం. అదే 25 శాతాన్ని క్షీరదాలు మేసి, 50 శాతం ఒంటబట్టించుకుని, 2 శాతాన్ని కండగా మారిస్తే సిద్ధమైనది పావు శాతం. ఒకే గడ్డి, ఒకే ఎండ, కానీ మేసేవారు మారినందుకే పదహారు రెట్ల తేడా వచ్చింది. పిల్లలకు పది శాతం బట్టీ పట్టించే బదులు ఈ గుణకారం ఒక్కటి చేయించగలిగితే చాలునని నాకు అనిపిస్తుంది.

నీటిచుక్క

సముద్రం సంగతి ఇంకా మిగిలి ఉంది కాబట్టి దాని గురించి రాస్తాను.

చిగురుటాకు గారూ, మీ సందేహానికి మూలం రెండు పిరమిడ్‌లు కొలిచే వస్తువులు వేరు కావడంలో ఉంది. శక్తి పిరమిడ్ కొలిచేది ఏడాది పొడవునా సాగిన ప్రవాహాన్ని. జీవద్రవ్యరాశి పిరమిడ్ కొలిచేది ఒక క్షణంలో అక్కడ ఉన్న నిల్వను. ఇంగ్లిష్ చానల్‌లో తీసిన ఒక ప్రసిద్ధమైన లెక్కలో చదరపు మీటరుకు వృక్షప్లవకాల పొడి బరువు 4 గ్రాములు ఉంటే, వాటి మీద బతికే జంతువుల పొడి బరువు 21 గ్రాములు ఉంది. ఆ 4 గ్రాములనే మేత అనుకుంటే లెక్క తేలదు. కానీ వృక్షప్లవకం అనుకూలమైన పరిస్థితులలో ఒకటి రెండు రోజులలోనే రెట్టింపవుతుంది, తిన్న వెంటనే మళ్లీ పుడుతుంది. ఇసుకలో తవ్విన చెలమలో ఎప్పుడు చూసినా నాలుగు దోసిళ్ల నీళ్లే ఉంటాయి, అయినా తోడే కొద్దీ ఊరుతూ పగలంతా ఎందరి దాహమైనా తీరుస్తుంది. ఆ చెలమను ఒక్కసారి ఫొటో తీసి, ఇందులో నాలుగు దోసిళ్లే ఉన్నాయి, ఇంతమంది ఎలా తాగారు అని అడగడం ఎలాంటిదో తలకిందులైన పిరమిడ్‌ను చూసి ఆశ్చర్యపోవడం అలాంటిది.

భూమి మొత్తానికి ఈ తేడా ఎంత ఉందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. నేల మీది మొక్కలలో నిల్వ ఉన్న కార్బన్ సుమారు 450 గిగాటన్నులు (ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు). సముద్రంలోని ఉత్పత్తిదారులన్నీ కలిపి సుమారు ఒక గిగాటన్ను మాత్రమే. కానీ 1998లో ప్రచురితమైన అంచనా ప్రకారం ఏడాదిలో నేల మీది నికర ఉత్పత్తి 56.4 గిగాటన్నుల కార్బన్ అయితే, సముద్రానిది 48.5. నిల్వలో కొన్ని వందల రెట్ల తేడా ఉండగా, ప్రవాహంలో మాత్రం రెండూ దాదాపు సమ ఉజ్జీలు.

కాబట్టి బరువు పిరమిడ్ తలకిందులు కావచ్చు, లెక్క పెట్టే తలల పిరమిడ్ కూడా కావచ్చు. ఒకే చెట్టు మీద వేల పురుగులు బతుకుతాయి. శక్తి పిరమిడ్ మాత్రం, బయటి నుంచి మేత వచ్చి పడని వ్యవస్థలో, తలకిందులు కాదు. వచ్చినదాని కంటే ఎక్కువ శక్తిని ఏ మెట్టూ పైకి పంపలేదు.

తూనీగ

జమాఖర్చు గారూ, నా పొరపాటు అర్థమైంది, కృతజ్ఞతలు. తినకుండా మిగిలినదానిని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇంకొక మాట అడుగుతాను. గొలుసులు నాలుగైదు మెట్ల దగ్గరే ఆగిపోవడానికి శక్తి తరుగుదలే కారణమని చదివాను. అదైనా సరైనదేనా?

పాతపేజీ

తూనీగ గారూ, చాలావరకు సరైనదే గాని అంతా అదే కాదు. పై మెట్టుకు పోయే కొద్దీ జీవుల సంఖ్య పలచబడుతుందని బ్రిటిష్ ఆవరణ శాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ 1927లోనే సంఖ్యా పిరమిడ్ రూపంలో చూపాడు. దానికి శక్తి భాషలో కారణం చెప్పే దారి లిండ్‌మన్ వేశాడు. సిల్వర్ స్ప్రింగ్స్‌లో పై మెట్టుకు చేరిన 21 కిలో కేలరీల మీద మరొక వేటగాడు బతకాలంటే ఎంత విస్తీర్ణంలో వేటాడవలసి వస్తుందో ఊహిస్తే, పెద్ద వేటజంతువులు ఎందుకు అరుదో తెలుస్తుంది. నీలి తిమింగలం ఆ చిక్కును మరొక దారిలో దాటింది. పెద్ద చేపల వెంట పడకుండా, మొక్కలకు ఒక్క మెట్టు పైన ఉండే క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవులను నేరుగా తింటుంది. మధ్యలో మెట్లు తగ్గితే మధ్యలో తరుగు కూడా తగ్గుతుంది.

అయితే శక్తి ఒక్కటే కారణమైతే, ఉత్పత్తి ఎక్కువగా ఉన్న చోటల్లా గొలుసులు పొడుగ్గా ఉండాలి. ఉత్తర అమెరికా ఈశాన్య భాగంలోని 25 సరస్సులను పోల్చి 2000లో వెలువరించిన అధ్యయనంలో అలా తేలలేదు. గొలుసు పొడవు సరస్సు పరిమాణంతో పాటు పెరిగింది గాని ఉత్పాదకతతో కాదు. పైగా చాలా జీవులు ఒకే మెట్టు మీద నిలబడవు. ఆకూ తిని పురుగూ తినే జీవిని రెండు, మూడు స్థాయిల మధ్య ఎక్కడో రెండున్నర అని గుర్తించవలసి వస్తుంది. ఆహార గొలుసు అన్నది మన సౌకర్యం కోసం ఆహారపు వలలోంచి లాగి చూపే ఒక పోగు.

చిగురుటాకు

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పాము, కప్ప ప్రశ్నకు ఇప్పుడు ధైర్యంగా జవాబు చెప్పగలను. మరో రెండు సందేహాలు మిగిలాయి.

విచ్ఛిన్నకారులు కుళ్ళబెట్టినది మట్టిలో కలిసి, దానిని మొక్కలు మళ్లీ తీసుకుంటాయి కదా. ఆ దారిలో శక్తి కూడా మొక్కలకు తిరిగి వస్తున్నట్టేనా?

రెండవది, జమాఖర్చు గారు ఇచ్చిన అంకెలను నేను కూడి చూశాను. శ్వాసకు పోయినది 18,796, దిగువకు పోయినది 2,500, కలిపితే 21,296. కానీ మొక్కలు తయారుచేసినది 20,810 మాత్రమే. వచ్చినదాని కంటే ఖర్చు 486 ఎక్కువగా తేలుతోంది. ఏ మెట్టూ వచ్చినదాని కంటే ఎక్కువ ఖర్చు పెట్టలేదని నీటిచుక్క గారు చెప్పిన మాటకు ఇది విరుద్ధం కాదా? నేనే ఎక్కడైనా పొరబడ్డానా?

నీటిచుక్క

మొదటి సందేహానికి జవాబు: తిరిగి రావడం లేదు. మట్టిలోంచి మొక్కకు తిరిగి వచ్చేవి నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం వంటి మూలకాలు. గాలిలోంచి వచ్చేది కార్బన్. విచ్ఛిన్నకారులు ఆకులోని శక్తిని తమ బతుకు కోసం వాడుకుని, చివరికి వేడిగా వదిలేస్తాయి, ఆ వేడితో మొక్క చక్కెర తయారుచేసుకోలేదు. అందుకే పదార్థం చక్రంలా తిరుగుతుందనీ, శక్తి ఒకే దిక్కుగా ప్రవహిస్తుందనీ అంటారు. ప్రతిరోజూ కొత్త ఎండ పడకపోతే నిల్వలు కొంతకాలం నడిపి ఆగిపోతాయి.

అయితే విచ్ఛిన్నకారుల దగ్గర శక్తి ప్రయాణం వెంటనే ముగియదన్నది కూడా నిజం. వాటిని తినేవి ఉన్నాయి. రాలిన ఆకును బూజు తింటే, ఆ బూజును చిన్న పురుగులు, వాటిని పక్షులు తింటాయి. అడవులలో మేత గొలుసు కంటే ఈ కుళ్ళుడు గొలుసు గుండా పారే శక్తే ఎక్కువ. సముద్రంలో కూడా వృక్షప్లవకాల నుంచి నీటిలోకి జారిన కరిగిన సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా పట్టుకోవడం, ఆ బాక్టీరియాను ఏకకణ జీవులు, వాటిని జంతుప్లవకాలు తినడం జరుగుతుంది. ఫరూక్ అజామ్, ఆయన సహచరులు 1983లో దీనికి సూక్ష్మజీవుల వలయం అని పేరు పెట్టారు. వలయం అన్న మాట చూసి శక్తి తిరిగి వస్తుందని అనుకోకూడదు. జారిపోయిన కొంత శక్తి మళ్లీ తినే గొలుసులోకి ఎక్కుతుంది, ప్రతి చేతి మార్పిడి దగ్గరా తరుగుతూనే ఉంటుంది.

ఎండ అసలు చేరని చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1977లో గాలపగోస్ దీవుల దగ్గర సముద్రపు అడుగున వేడినీటి ఊటల చుట్టూ జీవులు గుంపులుగా కనిపించాయి. అక్కడ బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సీకరణం చేసి వచ్చిన శక్తితో ఆహారం తయారుచేస్తుంది. నోరూ పేగూ లేని పెద్ద గొట్టపు పురుగులు ఆ బాక్టీరియాను తమ ఒంట్లోనే పెట్టుకుని బతుకుతాయి. అక్కడ ఉత్పత్తిదారు మొక్క కాదు, శక్తి మూలం ఎండ కాదు, అయినా మెట్లూ తరుగూ అలాగే ఉంటాయి. ఎండతో పూర్తిగా తెగతెంపులు చేసుకున్నట్టు కూడా కాదు, ఎందుకంటే ఆ ఆక్సీకరణానికి వాడుకునే ఆక్సిజన్ పైన ఎండలో జరిగిన కిరణజన్య సంయోగక్రియ నుంచే నీటిలో కరిగి వచ్చింది.

486 సంగతి జమాఖర్చు గారే చెబితే బాగుంటుంది.

జమాఖర్చు

చిగురుటాకు గారూ, మీ కూడికలో పొరపాటు లేదు, పొరపాటు నాది. జమ వైపు ఒక పద్దు రాయడం మరిచాను. సరిగ్గా ఆ 486ను ఓడమ్ బయటి నుంచి వచ్చిన శక్తిగా నమోదు చేశాడు. సిల్వర్ స్ప్రింగ్స్ పేరుపొందిన విహార స్థలం. నీటి అడుగు కనిపించేలా అద్దపు అడుగు వేసిన పడవలలో జనం తిరుగుతూ చేపలకు రొట్టె విసిరేవారు. ఆ రొట్టె కూడా చదరపు మీటరు లెక్కన, సంవత్సరం లెక్కన, కిలో కేలరీలలో పద్దుల పుస్తకానికి ఎక్కింది. 20,810కి 486 కలిపితే 21,296 అవుతుంది.

అయితే ఆ గోధుమ పండిన పొలం ఎండ మాత్రం ఈ లెక్కలోకి రాలేదు.